ఇల్లూ వాకిలీ: సాలీళ్ళ సంగతి

కన్నడ సీమలో పెరిగే మన పిల్లలు "జేడ" అంటారు, తమిళనాట ఉన్న వదినగారి పిల్లలు "సిలంది" అంటారు. పేరేదైతేనేం, గోడమీద అరచేయంత సాలీడు కనబడితే ఇల్లాలి చేతికి చీపురు రావలసిందే.

నన్నడిగితే ఆ పెద్దదాని జోలికి పోవద్దంటాను. అది బూజు పెట్టదు. రాత్రిళ్ళు తిరిగి బొద్దింకలను పట్టి తింటుంది. చూడలేమంటారా, గాజుగ్లాసు బోర్లించి, కింద అట్టముక్క తోసి, పెరట్లో వదలండి. చేత్తో పట్టుకుంటే మాత్రం కరుస్తుంది.

బూజు పెట్టేవి మూలల్లోని సన్నకాళ్ళవి. వాటికి పండుగ దాకా ఆగక వారానికొకసారి కర్ర తీయాలి. దీపం దగ్గరే బూజెక్కువ, పురుగులు చేరేది అక్కడే గనుక. సందెవేళ కిటికీలు మూసి చూడండి.

ఇక అసలు మాట. ఒంటికి ఒకే పక్కన మంటతో నీటిపొక్కులు బారుగా లేస్తే, "సాలీడు పాకింది" అని పసుపు రాసి ఊరుకునేవారు ఇంకా ఉన్నారు. పాపం, సాలీడుకు సంబంధమే లేదు. అది చాలాసార్లు సర్పి. ఎప్పుడో వచ్చిన ఆటలమ్మ వైరస్ నరాలలో దాగి, ఏళ్ళ తరువాత అలా బయటపడుతుంది. పొక్కులు లేచిన 72 గంటలలోపు మందు మొదలుపెడితే మంచి గుణం. ఆలస్యమైతే, పెద్దవయసువారికి ముఖ్యంగా, పొక్కులు మానినా నొప్పి నెలల తరబడి వదలకపోవచ్చు. నుదుటిమీదో, ముక్కుకొనమీదో లేస్తే కంటికే ముప్పు. ఆ పూటే డాక్టరుకు చూపించండి, అత్తగారు పసుపు చాలునన్నా సరే.