ఆయుధ నియంత్రణ – హింసా నివారణ

కోపం మనిషికి సహజం. అయితే ఆ కోపం మాటతో ముగుస్తుందా, గాయంతో ముగుస్తుందా, ప్రాణం తీస్తుందా అన్నది ఆ క్షణంలో అతని చేతికి అందే సాధనంపై చాలవరకు ఆధారపడి ఉంటుంది. తుపాకుల క్రయవిక్రయాలను కఠిన శాసనాలతో నియంత్రిస్తే హింసాత్మక నేరాలు తగ్గుతాయా అన్న ప్రశ్న నేడు అనేక దేశాలలో చర్చనీయాంశమైంది. ఈ ప్రశ్న గుంటూరు సీమకు దూరమైనదేమీ కాదు.

గుంటూరు నగరంలోని బ్రాడీపేట విద్యాసంస్థలకు, శిక్షణ కేంద్రాలకు పేరుపొందిన ప్రాంతం. ఇటువంటి చోట్ల చదువుకొని ఉన్నత విద్య కోసం అమెరికా వెళ్లే యువతీయువకులు ఎందరో ఉన్నారు. పత్తి, మిరప పంటల ఆదాయంతోనో, పొలం మీద తెచ్చిన అప్పుతోనో తల్లిదండ్రులు వారిని సాగనంపుతారు. ఆ తల్లిదండ్రుల మనసులను కలతపెట్టే భయాలలో తుపాకి కూడా ఒకటి. 2017 ఫిబ్రవరి 22న కాన్సాస్ రాష్ట్రంలోని ఒలేతీ పట్టణంలో హైదరాబాదుకు చెందిన ఇంజనీరు కూచిభొట్ల శ్రీనివాస్ జాతి విద్వేషంతో జరిగిన కాల్పులలో మరణించాడు. 2024 జూన్‌లో బాపట్ల జిల్లాకు చెందిన ఒక యువకుడు అమెరికాలో తాను పనిచేస్తున్న దుకాణంలోనే తుపాకి గుండుకు బలి అయ్యాడు. కాబట్టి అక్కడి ఆయుధ శాసనం ఇక్కడి కుటుంబాల సుఖదుఃఖాలతో ముడిపడి ఉన్నది.

అమెరికా రాజ్యాంగానికి 1791లో చేసిన రెండవ సవరణ పౌరులకు ఆయుధ ధారణను హక్కుగా గుర్తించింది. భారతదేశంలో అది హక్కు కాదు; అనుమతితో మాత్రమే లభించే సౌకర్యం. 1959 నాటి ఆయుధ చట్టం ప్రకారం లైసెన్సు కోరినవారిని గురించి పోలీసులు విచారించి నివేదిక ఇవ్వాలి. 2019లో జరిగిన సవరణ ఒక వ్యక్తి వద్ద ఉండదగిన తుపాకుల సంఖ్యను మూడు నుండి రెండుకు తగ్గించింది. వేడుకలలో నిర్లక్ష్యంగా కాల్పులు జరపడాన్ని శిక్షార్హమైన నేరంగా ప్రకటించింది. 2018లో వెలువడిన ఒక అంతర్జాతీయ అంచనా ప్రకారం అమెరికాలో ప్రతి వందమందికి 120 తుపాకులు ఉండగా, భారతదేశంలో ఐదు మాత్రమే ఉన్నాయి. అమెరికాలో 2021లో 48,830 మంది తుపాకి వలన మరణించారు. వారిలో సగానికి పైగా ఆత్మహత్యలకు పాల్పడినవారే.

శాసనం మారినపుడు ఫలితం కూడా మారుతుందనడానికి ఆస్ట్రేలియా ఉదాహరణగా నిలుస్తుంది. 1996 ఏప్రిల్‌లో పోర్ట్ ఆర్థర్ అనే చోట ఒక దుండగుడు 35 మందిని కాల్చిచంపాడు. ఆ ప్రభుత్వం వెంటనే కఠిన నిబంధనలు విధించి, ఆరు లక్షలకు పైగా తుపాకులను ప్రజలనుండి పరిహారమిచ్చి సేకరించి ధ్వంసం చేసింది. ఆ తరువాత అక్కడ సామూహిక కాల్పులు అరుదైపోయాయి. తుపాకి మరణాలు తగ్గాయి. అయితే హత్యలు అంతకుముందునుండే తగ్గుముఖం పట్టాయని వాదించే పండితులు ఉన్నారు. అంతేకాదు, 2025 డిసెంబరులో సిడ్నీలోని బోండై తీరంలో జరిగిన దారుణం చట్టాన్ని ఎప్పటికప్పుడు సమీక్షించుకోవలసిన అవసరాన్ని గుర్తుచేసింది. ఇక అమెరికాలోని మిస్సోరీ రాష్ట్రం, పిస్తోలు కొనడానికి ముందుగా అనుమతి పొందాలన్న నిబంధనను 2007లో రద్దుచేసింది. ఆ తరువాత అక్కడ తుపాకి హత్యలు పెరిగాయని పరిశోధకులు నిరూపించారు.

“తుపాకి లేకపోతే మరొక సాధనం వెదకుకుంటాడు” అన్నది తరచుగా వినిపించే అభ్యంతరం. ఇందులో కొంత నిజమున్నా, అది సంపూర్ణ సత్యం కాదు. పత్తి, మిరప పండించే ప్రాంతాలకు పరిచయమైన పురుగుమందుల విషయమే ఇందుకు తార్కాణం. శ్రీలంక ప్రభుత్వం 1990 దశకంలో అత్యంత విషపూరితమైన పురుగుమందులను నిషేధించింది. తరువాతి పదేళ్లలో ఆ దేశంలో ఆత్మహత్యల రేటు దాదాపు సగానికి తగ్గింది. అందరూ వేరొక మార్గం వెదకలేదు. ఆవేశపు ఘడియ గడిచిపోతే మనిషి తిరిగి జీవితం వైపే మొగ్గుతాడు. పరులపై కలిగే ఆగ్రహానికి కూడా ఈ సూత్రం వర్తిస్తుంది. కర్ర పట్టినవాడిని నలుగురూ ఆపగలరు; తుపాకి పట్టినవాడు ఆలోచనకు, నివారణకు వ్యవధి ఇవ్వడు.

అయితే శాసనమొక్కటే సర్వరోగనివారిణి కాదు. మన దేశంలో తుపాకి హత్యలలో అత్యధికం లైసెన్సు లేని ఆయుధాలతో జరిగినవే. ఎన్నికల వేళ లైసెన్సు ఉన్న తుపాకులను పోలీసు ఠాణాలలో అప్పగించే ఆనవాయితీ ఉన్నది. అయినప్పటికీ 2024 మే 13న పోలింగు సందర్భంగా పల్నాడు జిల్లాలో హింస చెలరేగింది. కర్రలు, రాళ్లు, పెట్రోలు బాంబులు బయటికి వచ్చాయి. ఎన్నికల సంఘం జిల్లా పోలీసు అధికారిని సస్పెండు చేయవలసి వచ్చింది. కక్షలు మనసులలో ఉన్నంతకాలం చట్టం ఆయుధాన్ని తగ్గించగలదు కాని ద్వేషాన్ని తొలగించలేదు. అయినా, ఆనాడు ప్రతి చేతిలోనూ తుపాకి ఉండి ఉంటే ఎన్ని గాయాలు మరణాలుగా మారేవో ఊహించడం కష్టం కాదు.

ఆయుధాలపై నిషేధం పాలకులకు ప్రజలను అణచే సాధనమవుతుందన్న భయం కూడా నిరాధారమైనది కాదు. 1878లో ఆంగ్ల ప్రభుత్వం చేసిన ఆయుధ చట్టం భారతీయులను నిరాయుధులను చేసింది. ఐరోపావారికి మాత్రం మినహాయింపు ఇచ్చింది. గాంధీజీ ఆ చట్టాన్ని తీవ్రంగా గర్హించారు. 1922లో అల్లూరి సీతారామరాజు చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి పోలీసు ఠాణాలపై దాడిచేసినది తుపాకుల కోసమే. అయితే అది పరాయి పాలన చేసిన వివక్షాపూరిత శాసనం. ప్రజలు ఎన్నుకొన్న సభలు అందరికీ సమానంగా వర్తించేటట్లు చేసే చట్టం దానితో పోల్చదగినది కాదు. ఓటు అనే శక్తి ఉన్నచోట పౌరుడి రక్షణ తుపాకిపై ఆధారపడనక్కరలేదు.

కఠినమైన ఆయుధ శాసనాలు నేరాలన్నింటినీ రూపుమాపవు. కాని నేరం ప్రాణాంతకం కాకుండా చాలవరకు అడ్డుపడతాయి. ఒక్క నిండు ప్రాణం దక్కినా ఆ శాసనం సార్థకమే. దొంగచాటు ఆయుధాల తయారీని అరికట్టడం, పక్షపాతం లేకుండా చట్టాన్ని అమలుచేయడం ప్రభుత్వాల బాధ్యత. భేదాభిప్రాయాన్ని వైరంగా మార్చుకొనకుండా వాదించి ఒప్పించే సంస్కారాన్ని అలవరచుకోవడం యువతరం బాధ్యత. ఈ రెండూ కలిసినపుడే సమాజంలో శాంతి నెలకొంటుంది.