కంప్యూటరుకు ట్రంకు పెట్టె



సంక్షేమ హాస్టలులో చదువుకునే విద్యార్థికి సొంత గది ఉండదు, సొంత అల్మారా ఉండదు. ఉండేదల్లా ఒక ట్రంకు పెట్టె. బట్టలు, పుస్తకాలు, సబ్బు, కొబ్బరినూనె సీసా, అమ్మ కట్టి ఇచ్చిన ఊరగాయ డబ్బా అన్నీ అందులోనే. అలాంటి పెట్టెలో ఈ ఏడాది మేము ఒక కంప్యూటరును పెట్టాం. చూసిన వాళ్లలో నవ్విన వాళ్లున్నారు, మెచ్చుకున్న వాళ్లున్నారు. మెప్పు కోసం మేమీ పని చేయలేదు. ఎందుకు చేశామో చెప్పుకోవాలనే ఈ నాలుగు మాటలు రాస్తున్నాం.

ఆ కంప్యూటరు ఇరవై ఏళ్లు దాటిన పెంటియం-3. ఎవరో దాత ఎప్పుడో ఇచ్చినది. స్టాకు రిజిస్టరులో ఒక వరుసగానూ, గది మూలలో గుడ్డ కప్పిన బొమ్మగానూ మిగిలిపోయింది. పులికాట్ మీదుగా వచ్చే ఉప్పుగాలికి తడలో సైకిలు చైనే నిలవదు, ఇక రేకు క్యాబినెట్టు ఎలా నిలుస్తుంది? అడుగు భాగం తుప్పు పట్టి ఊడిపోయింది. పాత సామానులో వేసేద్దామన్నారు. వేసే ముందు ఒక్కసారి విప్పి చూస్తామని వార్డెన్ గారిని అడిగాం. ఆయన కాసేపు ఆలోచించి సరేనన్నారు. అదే మాకు పెద్ద బహుమతి.

ఎందుకంటే చిన్నప్పటి నుంచి కంప్యూటరు దగ్గర మేము విన్న మొదటి పాఠం "ముట్టుకోవద్దు" అన్నదే. పాడవుతుందట. ఆ మాట మా తాతలు బావి దగ్గర విన్నారు, గుడి దగ్గర విన్నారు. మేము మౌసు దగ్గర విన్నాం. చెప్పిన వారి ఉద్దేశం వేరే కావచ్చు, కాదనం. కానీ వినే చెవికి ఆ మాట పాతదే. ముట్టుకోనివ్వని యంత్రం చదువు నేర్పదు, భయం నేర్పుతుంది. ఇదీ మా అభిప్రాయం.

విప్పి చూస్తే పెట్టెకే తుప్పు గానీ, లోపలి బోర్డుకు కాదు. మైక్రో ఏటీఎక్స్ అనే కొలతలో చేసిన బోర్డు అది, అటు ఇటు 244 మిల్లీమీటర్లు. అంటే పది అంగుళాల లోపే. ఇంత చిన్న బోర్డుకు అంత పెద్ద క్యాబినెట్టు ఎందుకు? లోపల సగం ఖాళీయే. పైగా మాకు కంప్యూటరు గది లేదు. పడుకునే హాలులోనే గోడ వారగా పెట్టుకోవాలి, రాత్రికి తాళం వేయాలి. కాబట్టి చిన్నదిగా ఉండాలి, మోసుకెళ్లేలా ఉండాలి, తాళం పడాలి. ఈ మూడూ ఉన్న వస్తువు మా కళ్ల ముందే ఉంది. అదే ట్రంకు పెట్టె.

పద్దెనిమిది అంగుళాల పొడవు, పన్నెండు వెడల్పు, ఆరు అంగుళాల ఎత్తు గల పెట్టె తీసుకున్నాం. వెనుక గోడ వైపు బోర్డు, దాని పక్కనే కరెంటు సరఫరా చేసే ఎస్ఎంపీఎస్, దాని ముందు మిగిలిన చోట హార్డ్ డిస్కు. బోర్డు వెనుక ఉండే కీబోర్డు, మౌసు, మానిటరు రంధ్రాల కోసం ఆరుంపావు అంగుళాల పొడవు, ఒకటి ముప్పావు అంగుళాల ఎత్తున కిటికీ కోయాలి. ఆ కొలత 1995లో వచ్చిన ఏటీఎక్స్ పద్ధతి నుంచి నేటి దాకా మారలేదు. రేకు కత్తెర పట్టడం మాకు రాదు, బజారులో రేకుల పనివాడికి వచ్చు. అట్ట మీద గీసి తీసుకెళితే అరగంటలో కోసి, అంచులు మడిచి ఇచ్చాడు. మా లెక్కల పుస్తకంలోని క్షేత్రమితి మొదటిసారి అన్నం పెట్టినట్టు అనిపించింది.

ఆన్ చేసే బటను పాత క్యాబినెట్టుతోనే పోయింది. ఆ బటను పని బోర్డు మీది రెండు పిన్నులను ఒక్క క్షణం కలపడమేనని తెలిశాక, ఇంటి తలుపు దగ్గర ఉండే కాలింగ్ బెల్లు స్విచ్చు బిగించాం. ఆ రెండు పిన్నుల్లో ఉండేది ఐదు వోల్టులే గనుక భయం లేదు. ఇప్పుడు మా కంప్యూటరును బెల్లు నొక్కి లేపుతాం.

మొదటిసారి అది లేవలేదు. ఫ్యాను ఒక్క చుట్టు తిరిగి ఆగిపోయింది. రెండు రోజులు తలలు పట్టుకున్నాం. చివరికి తెలిసిందేమిటంటే, బోర్డు రేకుకు తగలకుండా కింద పెట్టే ఇత్తడి కాళ్లలో ఒకటి, రంధ్రం లేని చోట పెట్టాం. అది బోర్డు అడుగున టంకానికి తగిలి షార్టవుతోంది. దాన్ని తీసేస్తే కంప్యూటరు లేచింది. కానీ అరగంటకు మళ్లీ ఆగింది. ఆ ప్రాసెసరు పాతిక ముప్పై వాట్ల వేడి పుట్టిస్తుంది. మూత వేసిన రేకు పెట్టెలో ఆ వేడి ఎటు పోతుంది? ముందు వైపు కింద రంధ్రాలు, వెనుక వైపు పైన గాలిని బయటికి నెట్టే ఫ్యాను పెట్టాం. చల్లగాలి కింద నుంచి రావాలి, వేడిగాలి పైనుంచి పోవాలి. సైన్సు పుస్తకంలో ఒక్క వాక్యమే ఇది. మాకు రెండు వారాలు పట్టింది.

మా హాస్టలు మిద్దె మీద నుంచి శ్రీహరికోట రాకెట్లు కనిపిస్తాయి. 1979 ఆగస్టులో అక్కడి నుంచి ఎగిరిన మొదటి ఎస్ఎల్‌వీ-3 సముద్రంలో పడింది. 1980 జులై 18న రెండోది రోహిణిని కక్ష్యలో నిలిపింది. మా ఇత్తడి కాలును రాకెట్టుతో పోల్చుకోవడం లేదు. తప్పు ఎక్కడుందో వెతికే ఓపిక మాత్రం పెద్ద వాళ్లకైనా చిన్న వాళ్లకైనా ఒకటేనని అర్థమైంది.

తమ్ముళ్లకు ఒక హెచ్చరిక. ఎస్ఎంపీఎస్ డబ్బాను మాత్రం ఎవరూ విప్పవద్దు. ప్లగ్గు తీసేసిన తర్వాత కూడా అందులోని కెపాసిటర్లలో ప్రాణాపాయమైన కరెంటు నిలిచి ఉంటుంది. రేకు పెట్టె గనుక ఎర్తు తప్పనిసరి. ఎన్నో పాత భవనాల్లో ప్లగ్గుకు మూడో రంధ్రం ఉంటుంది, దాని వెనుక వైరు ఉండదు. ఎలక్ట్రీషియన్ చూసి ఎర్తు ఉందని చెప్పాకే మేము స్విచ్చు వేశాం. ముట్టుకోనివ్వాలి అంటే జాగ్రత్త లేకుండా అని కాదు.

సొంతంగా పెట్టె చేసుకోవడం వింతేమీ కాదు. 1976లో ఆపిల్ సంస్థ మొదటి కంప్యూటరును ఉత్త బోర్డుగానే అమ్మింది. కొన్నవాళ్లే చెక్కతో పెట్టెలు చేయించుకున్నారు. మన హైదరాబాదులో 1967లో ఏర్పడిన ఈసీఐఎల్ టీడీసీ-12 అనే కంప్యూటరును మన దేశంలోనే తయారు చేసింది. 1984లో కేంద్ర ప్రభుత్వం 'క్లాస్' పథకం కింద పాఠశాలలకు బీబీసీ మైక్రో కంప్యూటర్లు ఇచ్చింది. వాటి మెమరీ 32 కిలోబైట్లే. దానితోనే పిల్లలు ప్రోగ్రాములు రాశారు.

"చేతిలో ఫోను ఉండగా ఈ పాత డబ్బా ఎందుకు?" అని అడుగుతారు. నిజమే, నేటి ఇంటర్నెట్టుకు ఇది చాలదు. కానీ సి భాషలో ప్రోగ్రాము రాయడానికి, టైపు నేర్చుకోవడానికి చాలు. అంతకంటే ముఖ్యం, ఇది విప్పితే వస్తుంది. ఫోను అలా విప్పగలమా? మన పక్కనే శ్రీసిటీలో 2015లో ఫోన్ల తయారీ మొదలైంది. మా అక్కలు కంపెనీ బస్సెక్కి పనికి వెళుతున్నారు. ఆ పని మాకు గౌరవమే. అయితే లైనులో నిలబడి బిగించే వాళ్లమే కాదు, ఆ వస్తువును గీసే వాళ్లం కూడా మాలోంచి రావాలి. గీయాలంటే ముందు విప్పి చూసి ఉండాలి.

ఇంకో మాట పెద్దలకు వినయంగా చెబుతున్నాం. "పాతదే బాగు చేసుకున్నారు కదా, ఇక కొత్తవి ఎందుకు?" అని మాత్రం అనవద్దు. మేము చేసింది పాఠం, సర్దుబాటు కాదు. పరీక్షలకు, దరఖాస్తులకు, చదువుకు కొత్త కంప్యూటర్లు కావాలి. అవి మా హక్కు. వాటితో పాటు ప్రతి హాస్టలులో విప్పడానికి ఒక పాత కంప్యూటరు కూడా కావాలి. ఈ-వ్యర్థాల మీద 2011లో చేసిన నిబంధనలు 2012 మే నుంచి అమలయ్యాయి, 2016లోనూ 2022లోనూ కొత్తవి వచ్చాయి. అయినా రాగి కోసం వైర్లు కాల్చే పొగ చాలాచోట్ల కనిపిస్తూనే ఉంది. ఆ పొగ పీల్చేది కూడా మా లాంటి ఇళ్ల పిల్లలే. ఆఫీసుల్లో పక్కన పెట్టిన వాటిలో పనికొచ్చేవి పద్ధతి ప్రకారం హాస్టళ్లకు ఇప్పిస్తే చదువూ వస్తుంది, పొగా తగ్గుతుంది.

ఈ ఏడాది పదో తరగతి పూర్తి చేసి వెళుతున్న మేము మా ట్రంకు పెట్టెలు తీసుకుపోతాం. ఈ ఒక్క పెట్టెను మాత్రం ఇక్కడే వదిలి వెళుతున్నాం. తాళంచెవి తమ్ముళ్లకే ఇచ్చాం. మూత లోపల ఏ వైరు ఎక్కడికి పోతుందో బొమ్మ గీసి అతికించాం. పాడవుతుందేమోనని భయపడకండి. పాడైతే విప్పండి.