ఏ పేరుతో లేపాలి?

మా నాయనమ్మది తాండూరు. పోయిన వేసవిలో వికారాబాద్‌లోని ఒక ఆస్పత్రిలో ఆమెకి గాల్ బ్లాడర్ ఆపరేషన్ అయింది. జనరల్ అనస్థీషియా ఇచ్చారు. ఆపరేషన్ అయ్యాక రికవరీ రూంలో సిస్టర్ భుజం తడుతూ, కేస్ షీట్‌లో ఉన్న పేరుతో పిలుస్తోంది. "కళ్ళు తెరవండమ్మా, ఓపెన్ యువర్ ఐస్" అంటోంది. నాయనమ్మ కదల్లేదు.

తలుపు దగ్గర నిలబడ్డ నాకు అప్పుడు తట్టింది. అది ఆధార్ కార్డు పేరు. ఇన్నేళ్ళలో ఆ పేరుతో ఆమెని నిద్ర లేపినవాళ్ళే లేరు. తమ్ముడు పిలిచే "చిన్నక్క" అన్న పిలుపే వాడకట్టు మొత్తానికి ఆమె పేరైపోయింది.

సిస్టర్ ఒప్పుకుంటే ఆ తమ్ముడే, అంటే మా చిన్నతాత, లోపలికి వెళ్ళి "చిన్నక్కా, లే. పొద్దెక్కింది" అన్నాడు. రెండోసారికి కళ్ళు తెరిచింది. "చాయ్ పెట్టిన్రా?" అని అడిగింది.

ఇది ప్రూఫ్ కాదని నాకూ తెలుసు. మత్తు దిగే టైం, తాత పిలిచిన టైం ఒకటే అయ్యుండొచ్చు. అసలు పిలుపుతో మత్తు దిగదు. గ్యాస్ రూపంలో ఇచ్చిన మందు ఊపిరితో బయటికి పోవాలి. కండరాలు సడలడానికి ఇచ్చిన మందు ప్రభావం పోవాలి. ఆ పని డాక్టర్లదే.

కానీ చివరి మెట్టు దగ్గర గొంతుకి విలువుంది. నిద్రలో ఉన్న మెదడు కూడా వేరే పేర్లకన్నా సొంత పేరుకి ఎక్కువగా స్పందిస్తుందని 1960లోనే ప్రయోగాల్లో చూశారు. పిల్లలకి మెలకువ వచ్చేటప్పుడు రికార్డు చేసిన తల్లి గొంతు వినిపిస్తే పెనుగులాట, కంగారు తగ్గాయని కొరియాలో చేసిన పరిశోధన చెప్పింది. ముసలివాళ్ళకి కళ్ళజోడు, వినికిడి మిషన్ త్వరగా తిరిగి ఇవ్వమనేది కూడా ఆ అయోమయం తగ్గాలనే.

ఈ విషయంలో మనకి చరిత్ర కూడా ఉంది. 1888, 1889లో హైదరాబాద్‌లో ఎడ్వర్డ్ లారీ ఆధ్వర్యంలో, ఆరో నిజాం డబ్బుతో క్లోరోఫాం కమిషన్లు పనిచేశాయి. రూపాబాయి ఫర్దూన్‌జీ అనే మహిళ ఆ రోజుల్లోనే ఇక్కడ మత్తు డాక్టర్‌గా పేరు తెచ్చుకుంది. క్లోరోఫాం గుండెకి ప్రమాదం కాదన్న లారీ వాదన తర్వాత తప్పని తేలింది. కానీ మత్తులో ఉన్న మనిషి ఊపిరి మీదినుంచి కన్ను తీయొద్దన్న మాట మాత్రం నిలిచింది. అంటే, మనిషిని గమనించడమే మొదటి పరికరం.

నేనడిగేది చిన్నదే. ఆపరేషన్‌కి ముందు నింపే ఫారంలో ఇంకో రెండు లైన్లు పెట్టాలి: ఇంట్లో ఏమని పిలుస్తారు? ఏ భాషలో మాట్లాడతారు? తాండూరు కర్ణాటక సరిహద్దు ఊరు. ఒకే వార్డులో తెలుగు, ఉర్దూ, కన్నడ, లంబాడీ వినిపిస్తాయి. ఈ రెండు లైన్లకి కొత్త మిషన్ అక్కర్లేదు, యాప్ కూడా అక్కర్లేదు. సీఎస్ఈ వాడినై ఉండి నేనే చెప్తున్నా!

నేను చదివిందంతా ఇంగ్లీష్ మీడియమే. కాలేజీ మెయిల్స్, కోడ్, తిట్లు కూడా ఇంగ్లీషులోనే. అయినా ఎనిమిదింటి క్లాసుకి అలారం లేపలేని నన్ను అమ్మ పిలిచే పేరు లేపుతుంది. ఆ పేరేంటో ఇక్కడ రాయను, హాస్టల్లో బతకనివ్వరు.

మీ ఇంట్లో ఎవరికైనా ఆపరేషన్ ఉంటే, ముందు రోజే మత్తు డాక్టర్‌కి ఆ పేరు చెప్పండి.