మంజీరా పేరు పోయింది, మరి పెత్తనం?

మంజీరా ఏడుపాయల దగ్గర ఏడుగా చీలి మళ్లీ ఒకటవుతుంది. ఆ నది పేరుతోనే, సంగారెడ్డి కేంద్రంగా, ఉమ్మడి మెదక్ జిల్లాకంటూ ఒక సర్కారు బ్యాంకు ఉండేదంటే ఇప్పటి పిల్లలు నమ్మకపోవచ్చు. ఆ మంజీరా గ్రామీణ బ్యాంకు 2006 మార్చి 31న ఆంధ్రప్రదేశ్ గ్రామీణ వికాస్ బ్యాంకులో కలిసిపోయింది. పెద్దాఫీసు వరంగల్‌కు వెళ్లింది. 2025 జనవరి 1న బోర్డు మళ్లీ మారి తెలంగాణ గ్రామీణ బ్యాంకు అయింది, పెద్దాఫీసు హైదరాబాద్ చేరింది. విలీనంతో బ్యాంకుకు బలం వచ్చిందన్నది నిజం. దాని మీద పెత్తనం ఎవరి చేతికి వెళ్లిందన్నదే అసలు సంగతి.

గ్రామీణ బ్యాంకులు ఎమర్జెన్సీ రోజుల్లో పుట్టాయి. 1969లో బ్యాంకులను జాతీయం చేసినా పల్లెలో అప్పు కావాలంటే షావుకారు గడపే దిక్కుగా ఉండేది. దీనిపై కేంద్రం వేసిన ఎం. నరసింహం బృందం ఒక ఉపాయం చెప్పింది: సహకార సంఘానికి ఊరితో ఉండే పరిచయం, వాణిజ్య బ్యాంకుకు ఉండే పద్ధతి ఒకేచోట ఉండాలి, సిబ్బంది జీతాలు రాష్ట్ర ప్రభుత్వ ఉద్యోగుల స్థాయిలోనే ఉండాలి. 1975 సెప్టెంబరు 26న ఆర్డినెన్స్ వచ్చింది, గాంధీ జయంతినాడు తొలి ఐదు బ్యాంకులు మొదలయ్యాయి. వాటాల్లో కేంద్రానికి 50 శాతం, వెనక ఉండి నడిపించే వాణిజ్య బ్యాంకుకు, అంటే స్పాన్సర్ బ్యాంకుకు 35, రాష్ట్రానికి 15.

చిక్కు పుట్టుకలోనే ఉంది. చిన్న, సన్నకారు రైతులకు, కూలీలకు, చేతివృత్తుల వారికి మాత్రమే అప్పివ్వాలన్నారు. అప్పు చిన్నదైనా, పెద్దదైనా కాగితాల ఖర్చు ఒకటే. పైగా 1990లో జస్టిస్ ఓబుల్ రెడ్డి ట్రిబ్యునల్ సిబ్బందికి స్పాన్సర్ బ్యాంకులతో సమానంగా జీతాలివ్వాలని చెప్పింది. అదే పని చేసేవారికి అదే జీతం అడగడంలో తప్పేముంది? కానీ తక్కువ ఖర్చు బ్యాంకు అన్న లెక్క అక్కడితో తప్పింది. స్పాన్సర్ బ్యాంకుల్లోనే వీటిని కలిపేయమని వ్యవసాయ రుణాలను సమీక్షించిన ఖుస్రో కమిటీ అంతకుముందే, 1989లో, సూచించింది. సర్కారు ఆ దారి పట్టలేదు. అప్పుల మీది ఆంక్షలు సడలించి, మూలధనం పోసి, 2005 నుంచి వాటిని ఒకదానిలో ఒకటి కలపడం మొదలుపెట్టింది. ఒకప్పుడు దేశంలో 196 ఉన్న గ్రామీణ బ్యాంకులు ఇప్పుడు 28.

ఆ కలపడంలోని విడ్డూరం మెదక్‌కు బాగా తెలుసు. అప్పట్లో కొలమానం భూగోళం కాదు, స్పాన్సర్. మంజీరా స్పాన్సర్ స్టేట్ బ్యాంకు కాబట్టి, ఘనపూర్ ఆనకట్ట కింద వరి వేసే రైతూ శ్రీకాకుళం జీడితోటల రైతూ ఒకే బ్యాంకు ఖాతాదారులయ్యారు. పక్కనున్న నిజామాబాద్‌లోని శ్రీరామ గ్రామీణ బ్యాంకు మాత్రం హైదరాబాద్ స్టేట్ బ్యాంకు నీడలోని దక్కన్ గ్రామీణ బ్యాంకులో చేరింది. 2014లో రాష్ట్రం విడిపోయి, దక్కన్ పేరు తెలంగాణ గ్రామీణ బ్యాంకు అయినా, వికాస్ బ్యాంకు రెండు రాష్ట్రాల్లోనూ నడుస్తూనే వచ్చింది. 1942లో నిజాం ఏలుబడిలో మొదలైన హైదరాబాద్ స్టేట్ బ్యాంకు 2017 ఏప్రిల్ 1న స్టేట్ బ్యాంకులో కలవడంతో ఈ రెండు గ్రామీణ బ్యాంకుల స్పాన్సరూ ఒకటే అయింది. అయినా వికాస్ బ్యాంకు తెలంగాణ శాఖలను తెలంగాణ గ్రామీణ బ్యాంకులో కలపడానికి ఇంకో ఏడేళ్లకు పైగా పట్టింది!

జిల్లా బ్యాంకులే మేలని అనడం లేదు. ఒక్క జిల్లాకే పరిమితమైన బ్యాంకు ఆ జిల్లా వానలను నమ్ముకోవాలి. మెదక్ లాంటి కరువు సీమలో రెండేళ్లు వరసగా వాన ముఖం చాటేస్తే పంట రుణాలతోపాటు బ్యాంకూ మునుగుతుంది. రాష్ట్రమంతటి బ్యాంకుకు ఆ భయం తక్కువ. పోయింది వేరొకటి. చట్టం ప్రకారం బోర్డుకు చైర్మన్‌ను స్పాన్సర్ బ్యాంకే పంపుతుంది. రిజర్వ్ బ్యాంకు, నాబార్డు నుంచి ఒక్కొక్కరు, స్పాన్సర్ అధికారులు ఇద్దరు, రాష్ట్ర అధికారులు ఇద్దరు, కేంద్రం నియమించే అనధికారులు ఇద్దరు ఉంటారు. జిల్లాకో బ్యాంకు ఉన్నప్పుడు ఆ కుర్చీల్లో ఒకటో రెండో ఆ జిల్లా తెలిసినవారికి దక్కే వీలుండేది. ఇప్పుడు రాష్ట్రమంతటికీ బోర్డు ఒక్కటే. 2015 సవరణతో బయటి పెట్టుబడికీ తలుపు తెరిచారు, కేంద్రం, స్పాన్సర్ వాటాలు కలిపి 51 శాతానికి తగ్గకూడదన్న కట్టుబాటు పెట్టారు. ఆ వాటాదారులు రాకముందే, కేంద్రం నియమించే ఆ రెండు అనధికార స్థానాల్లో ఒకటి పంట రుణం తీసుకునే రైతుకు, మరొకటి మహిళా సంఘాల ప్రతినిధికి ఇవ్వాలని రాష్ట్రం పట్టుబట్టవచ్చు. దానికి చట్టం మార్చనక్కర్లేదు.