మీడియం మార్చితే ఇంగ్లీషు వస్తుందా?

జగ్గయ్యపేట, నందిగామల్లో ఎవరిని కదిలించినా ఒకటే మాట: "చిన్నప్పుడే పూర్తిగా ఇంగ్లీషులో వేసేస్తే అదే వచ్చేస్తుంది. తెలుగు ఇంట్లో ఎలాగూ మాట్లాడతారుగా!" పొద్దున్నే హైవే మీద బారులు తీరే పచ్చ బస్సుల వెనకున్న సిద్ధాంతం ఇదే. కాస్త చదివినవాళ్లు దీన్ని ఇమ్మర్షన్ అంటారు, కెనడాను సాక్ష్యం తెస్తారు.

ఆ సాక్ష్యాన్నే విచారిద్దాం. 1965లో మాంట్రియల్ పక్కన సెయింట్ లాంబర్ట్‌లో ఇంగ్లీషు మాట్లాడే తల్లిదండ్రులు కొందరు పట్టుబట్టి తమ పిల్లలకు కిండర్‌గార్టెన్ నుంచే ఫ్రెంచిలో చదువు పెట్టించుకున్నారు. టీచర్లకు ఫ్రెంచి ధారాళంగా వచ్చు, పిల్లల ఇంగ్లీషూ అర్థమవుతుంది. పిల్లలు మొదట్లో ఇంగ్లీషులో బదులిస్తే ఎవరూ కసరలేదు. రెండో తరగతి నుంచి ఇంగ్లీషు పాఠాలూ మొదలై పైతరగతుల్లో పెరుగుతూ పోయాయి. మెక్‌గిల్ విశ్వవిద్యాలయానికి చెందిన లాంబర్ట్, టక్కర్ ఆ పిల్లల్ని ఏళ్ల తరబడి పరీక్షించి, ఇంటి భాష దెబ్బతినలేదని తేల్చారు. ఎలా దెబ్బతింటుంది? కొలువుల్లో, కోర్టుల్లో చెల్లే భాష వాళ్ల ఇంటి భాషే.

మన కాన్వెంట్లలో ఇందులో ఏ ఒక్కటుంది? తెలుగు మాట దొర్లితే జరిమానా వేసే బళ్లున్నాయి. టీచరమ్మ ఇంగ్లీషు వాక్యం చదివి తెలుగులో అర్థం చెబుతుంది, జవాబులు బోర్డు మీద రాస్తుంది, పిల్లలు బట్టీ కొడతారు. ప్రశ్నను కొంచెం తిప్పి అడిగితే గడగడా అప్పజెప్పిన పిల్లాడు కూడా నోరు విప్పడు. ఆవిడను తప్పుపట్టను. తనకిచ్చే జీతానికీ, తనకు దొరికిన చదువుకూ అంతకన్నా ఏం చేయగలదు? నిజానికి రెండు భాషల బోధన ఇక్కడ ఇప్పటికే నడుస్తోంది, కాకపోతే దొంగచాటుగా, ఒక పద్ధతంటూ లేకుండా.

ఇంగ్లీషు కావాలన్న తల్లిదండ్రులది అత్యాశ అనేవాళ్లతో నాకు పొత్తు లేదు. తమ పిల్లల్ని కార్పొరేట్ బడికి పంపి, మిరప కోతలకెళ్లే తల్లికి మాతృభాష మహిమ చెప్పే పెద్దమనిషిని నందిగామలో నిలబెట్టి అడగాల్సిందే. కానీ ఆ తల్లి అడిగేది ఇంగ్లీషు. ఆమె చేతిలో పెడుతున్నది ఇంగ్లీషు మీడియం.

ప్రభుత్వమూ అదే పొరపాటు చేసింది. 2019 నవంబరులో జీవో 81 తెచ్చి ఒకటి నుంచి ఎనిమిది దాకా అంతా ఇంగ్లీషు మీడియమే అన్నారు, ఆ నెలలోనే జీవో 85తో ఆరో తరగతి దాకా అని సవరించారు. 2020 ఏప్రిల్ 15న హైకోర్టు రెండింటినీ కొట్టేసింది. అప్పుడు సర్వే పెట్టి, నూటికి 96 మంది తల్లిదండ్రులు ఇంగ్లీషే కోరారన్నారు. కోరరా మరి! మీ ఊరి బడిలో అది చెప్పగల టీచరున్నారా అన్న ప్రశ్న ఆ సర్వేలో లేదు. ఆ గందరగోళంలోనే ఒక మంచి పని జరిగింది. ఎదురెదురు పేజీల్లో తెలుగు, ఇంగ్లీషు ఉన్న పాఠ్యపుస్తకాలు వచ్చాయి. పాఠం తెలుగు పేజీలో చెప్పి, ఇంగ్లీషు పేజీలో మాట్లాడించి, పరీక్ష ఏ భాషలో రాసినా మార్కులిస్తేనే ఆ పుస్తకానికి సార్థకత.

ఇంకో సంగతి. ఏ.కొండూరు వైపు తండాల పిల్లలకు తెలుగే రెండో భాష, ఇంగ్లీషు మూడోది. ఉమ్మడి రాష్ట్రంలో బంజారాతో కలిపి ఎనిమిది గిరిజన భాషల్లో చదువు మొదలుపెట్టిన అనుభవం మన విద్యాశాఖకే ఉంది. మీడియం చర్చలో దాని ఊసే రాదు.

కెనడా కావాలంటే తెచ్చుకుందాం, పూర్తిగా తెచ్చుకుందాం. రెండు భాషలూ బాగా వచ్చిన టీచర్లను ముందు ఒకటో తరగతిలో వేయండి, పదో తరగతిలో కాదు. వాళ్లకు జీతమూ ఆ స్థాయిలోనే ఇవ్వండి. మూడో తరగతి దాకా లెక్కలూ, పరిసరాల విజ్ఞానమూ ఇంటి భాషలో సాగనివ్వండి. ఇంగ్లీషు మాత్రం రోజూ ఒక గంట, పుస్తకం మూసి, మాటల్లో నేర్పండి. ఈ ఖర్చు పెట్టలేమంటే ఆ మాటే బయటికి చెప్పండి. బోర్డు మీద మీడియం పేరు మార్చడానికి పెయింటు డబ్బా చాలు మరి.