తెర మీది తూకం

సికింద్రాబాదు - కాజీపేట రైలుమార్గం మీద, హైదరాబాదు - వరంగల్లు రహదారిని ఆనుకొని స్టేషన్ ఘన్‌పూర్ ఉన్నది. 2016 వరకు వరంగల్లు జిల్లాలో ఉండి నేడు జనగామ జిల్లాలో చేరిన ఈ ఊరివంటి చోట్ల, బస్సు కోసం నిలిచిన విద్యార్థి చేతి సెల్‌ఫోనులో ఒక మోటారుసైకిలు మట్టిదిబ్బల మీద ఎగిరిపడుతూ ఉండడం వింత కాదు. పెద్దలు దానిని కాలహరణమని ఒక్క మాటతో కొట్టివేస్తారు. ఆ తీర్పు తొందరపాటుది.

ఈ ఆటలు నిన్న మొన్నటివి కావు. హంగేరీకి చెందిన బలాజ్ రోజా రూపొందించిన ఎలాస్టో మానియా 2000లో కంప్యూటర్లకు వచ్చింది. స్వీడన్‌లోని కోడ్‌బ్రూ సంస్థ 2004లో గ్రావిటీ డిఫైడ్‌ను బొత్తాల సెల్‌ఫోన్లకు అందించింది. వేగం ఒక్కటే తెలిసినవాడు వీటిలో తొలి గుట్ట మీదనే వెల్లకిలా పడతాడు. ఎత్తు ఎక్కేటప్పుడు బొమ్మమనిషిని ముందుకు వంచాలి; అప్పుడు గరిమనాభి ముందుకు జరిగి ముందుచక్రం నేలను వదలదు. ఎడ్లబండిలో బరువంతా వెనుకకు చేరితే కాడి పైకి లేస్తుందని ఎరిగిన రైతుకు ఈ సూత్రం కొత్తది కాదు.

గాలిలోని సంగతి మరింత ఆసక్తికరం. నిజమైన బండి దిబ్బ మీది నుండి ఎగిరినప్పుడు వెనుకచక్రం వేగం పెంచితే ముందుభాగం పైకి లేస్తుంది. బ్రేకు వేస్తే కిందికి వంగుతుంది. చక్రం, బండి, మనిషి కలిసిన మొత్తపు కోణీయ ద్రవ్యవేగం మారకపోవడమే దీనికి కారణం. మార్కుల కోసం ఇంటర్మీడియట్ విద్యార్థి వల్లెవేసే నియమమే ఇది. పదేపదే పడి లేచినవాడికి ఈ నియమం వేళ్ళకే తెలిసివస్తుంది. ఉపాధ్యాయుడు ఆ ఆటనే తరగతికి తెచ్చినా తప్పులేదు.

అయితే ఈ ఆట చెప్పేది సగం సత్యమే. తెర మీది బండి ముందుకో వెనుకకో పడుతుంది గాని పక్కకు ఒరగదు. రహదారి మలుపులో, చెదరిన కంకర మీద, వాన తడిలో బండి పక్కకే జారుతుంది. ఆ తూకాన్ని ఏ బొత్తామూ నేర్పలేదు. తెర మీద పడినవాడు మరుక్షణమే మొదటి గీత వద్ద నిలుస్తాడు.

ఆడేవారి వయస్సు పదహారు, పదిహేడు. 1988 నాటి మోటారు వాహనాల చట్టం ప్రకారం గేర్ల బండికి పద్దెనిమిదేళ్ళు నిండాలి. ఆటను కసరుకునే ఇంటిలోనే, పొలం దాకా పోయి రమ్మని బండి తాళంచెవిని అదే పిల్లవాడి చేతికి ఇవ్వడం పల్లెల్లో మామూలే. 2019 సవరణ తరువాత, మైనరు బండి నడిపి నేరం చేస్తే సంరక్షకుడికి గాని యజమానికి గాని 25,000 రూపాయల జరిమానా, మూడేళ్ళ వరకు జైలుశిక్ష పడవచ్చు. సెల్‌ఫోనును లాగుకొనే పెద్దలలో ఈ సంగతి ఎరిగినవారు ఎందరన్నది సందేహమే.