తొమ్మిదింటికి లైటార్పితే... తెల్లారి గొడవుండదు!

పొద్దున్నే లేవరు. లేచినా మంచం దిగరు. దిగినా నోట్లో బ్రష్ పెట్టుకుని కునికిపాట్లు పడుతుంటారు. పళ్లెంలో ఇడ్లీ చల్లారిపోతుంటుంది. ఒకరు జడ వేస్తుంటే ఇంకొకరు బూట్లు తొడుగుతుంటారు. ఇంతలో వీధి చివర స్కూలు బస్సు హారన్! చివరికి ఏడుపు మొహంతో పిల్లలు బస్సెక్కుతారు. చిరాకు మొహాలతో పెద్దవాళ్లు ఆఫీసుకు బయల్దేరతారు. బడికెళ్లే పిల్లలున్న ఇళ్లలో చాలావరకు రోజూ ఇదే తంతు. 'మావాడికి బద్ధకం ఎక్కువండీ' అని సరిపెట్టుకుంటాం. నిజానికి చాలామంది పిల్లల విషయంలో అది బద్ధకం కాదు... అప్పు! ముందురోజు రాత్రి, అంతకుముందు రాత్రి కలిసి పేరుకుపోయిన నిద్ర అప్పు. పొద్దుటి గొడవకి మందు పొద్దున దొరకదు. రాత్రి ఏడింటికీ తొమ్మిదింటికీ మధ్య ఇంట్లో ఏం జరుగుతోందో చూసుకోవాలి.

వేళకి తినడం, వేళకి పడుకోవడం, పడుకునేముందు కాసేపు కబుర్లు... వినడానికి ఇవి చాలా మామూలు సంగతులు. పైసా ఖర్చులేనివి. కానీ పిల్లల బరువు, ప్రవర్తన, చదువు, మనసు... అన్నీ ఈ మామూలు సంగతులతోనే ముడిపడి ఉన్నాయని పరిశోధకులు చెబుతున్నారు.

వెనక్కి లెక్కేయండి!

ఏ వయసు పిల్లలకి ఎంత నిద్ర కావాలో అమెరికన్ అకాడమీ ఆఫ్ స్లీప్ మెడిసిన్ 2016లో వివరంగా చెప్పింది. మూడు నుంచి అయిదేళ్ల వాళ్లకి మధ్యాహ్నం కునుకుతో కలిపి రోజుకి 10 నుంచి 13 గంటలు. ఆరు నుంచి పన్నెండేళ్ల వాళ్లకి 9 నుంచి 12 గంటలు. పదమూడు నుంచి పద్దెనిమిదేళ్ల వాళ్లకి 8 నుంచి 10 గంటలు.

ఇప్పుడు ఓ చిన్న లెక్క. మీ పాప రెండో తరగతి. బస్సు ఏడున్నరకి వస్తుంది. అంటే ఆరుంబావుకి లేవాలి. కనీసం తొమ్మిది గంటల నిద్ర కావాలంటే రాత్రి తొమ్మిదింబావుకల్లా గాఢనిద్రలో ఉండాలి. మంచమెక్కగానే నిద్ర పట్టదు కదా, ఓ పావుగంటో ఇరవై నిమిషాలో పడుతుంది. కాబట్టి ఎనిమిదీ ముప్పావుకి పక్కమీద చేరాలి. దానికి ముందు పళ్లు తోముకోవడం, కథ... ఓ అరగంట. అంటే ఎనిమిదింటికి ముందే అన్నం తినడం అయిపోవాలి. ఇదీ కనీసపు లెక్కే! పది గంటలు పడుకుంటేగానీ హుషారుగా ఉండని పిల్లలైతే ఇంకో గంట ముందుకి జరపాలి.

మరి మన ఇళ్లలో జరిగేదేంటి? అన్నం గిన్నె మూత తీసేదే తొమ్మిదింటికి. ట్యూషన్ నుంచి రావడం, హోంవర్క్, సీరియల్, ఫోనులో ఆట... అన్నీ అయ్యేసరికి పదిన్నర. ఇంకా పెద్దవాళ్లు హాల్లో టీవీ చూస్తూ 'నువ్వెళ్లి పడుకో' అంటే పిల్లలు వెళతారా? ఇంట్లో అందరూ మేలుకుని ఉంటే తామొక్కళ్లే ఏదో కోల్పోతున్నామనుకుంటారు. అందుకే పిల్లల నిద్ర పిల్లల సమస్య కాదు, ఇంటిల్లిపాదిదీ.

వేళ తప్పితే ఏమవుతుంది?

'ఎన్నింటికి పడుకుంటేనేం, గంటలు లెక్కకి వస్తే చాలదా?' అనే అనుమానం రావచ్చు. ఎన్ని గంటలన్నది ఎంత ముఖ్యమో, రోజూ ఒకే వేళ అన్నదీ అంతే ముఖ్యం. బ్రిటన్‌లో పదివేలమందికి పైగా పిల్లల్ని మూడేళ్ల వయసులో, అయిదేళ్లప్పుడు, ఏడేళ్లప్పుడు గమనిస్తూ చేసిన అధ్యయనం 2013లో వెలువడింది. పడుకునే వేళ రోజుకో రకంగా ఉన్న పిల్లల్లో మొండితనం, నిలకడ లేకపోవడం, తోటివాళ్లతో పొసగకపోవడం లాంటివి ఎక్కువగా కనిపించాయి. ఆ మాట అమ్మలే కాదు, విడిగా అడిగితే బళ్లో టీచర్లూ చెప్పారు. ఎన్నేళ్లు వేళ తప్పితే అంత ఎక్కువ ఇబ్బంది.

అదే అధ్యయనంలో ఓ మంచి కబురూ ఉంది. వేళాపాళా లేకుండా పడుకునే పిల్లలు తర్వాత ఒక వేళకి అలవాటు పడితే, వాళ్ల ప్రవర్తన కూడా మెరుగుపడింది. అంటే, 'ఇన్నాళ్లూ పట్టించుకోలేదు, ఇప్పుడేం లాభం' అనుకోవక్కర్లేదు.

దీనికి కారణం శరీరంలో ఉండే గడియారం. చీకటి పడుతున్నకొద్దీ మెదడు మెలటోనిన్ అనే హార్మోన్ని విడుదల చేసి 'ఇక పడుకునే వేళైంది' అని ఒంటికి చెబుతుంది. రోజూ ఒకే వేళకి పడుకునే పిల్లలకి ఆ సమయానికి దానంతటదే ఆవలింత వస్తుంది. రోజుకో వేళైతే గడియారం గందరగోళపడుతుంది. కళ్లకి దగ్గరగా పెట్టుకున్న ఫోను వెలుతురు ఆ హార్మోన్ విడుదలని వెనక్కి నెడుతుంది. ఆదివారం తొమ్మిదింటిదాకా పడుకోనిచ్చి సోమవారం ఆరింటికి లేపితే, పిల్లల పరిస్థితి దూరదేశం నుంచి అప్పుడే విమానం దిగినవాళ్లలా ఉంటుంది. అందుకే సెలవురోజుల్లో కూడా లేచే వేళ గంటకి మించి మారకుండా చూసుకోమంటారు.

అమ్మమ్మల పద్ధతే...

చంటిపిల్లల్ని కాళ్లమీద పడుకోబెట్టుకుని నూనె మర్దనా చేసి, నలుగు పెట్టి, గోరువెచ్చని నీళ్లు పోసి, ఉయ్యాల్లో వేసి జోలపాట పాడటం... తెలుగు ఇళ్లలో తరతరాలుగా ఉన్నదే. అన్నమయ్య అంతటివాడు లాలిపాటలూ జోలపాటలూ రాశాడు. దాదాపు ఇదే క్రమాన్ని ఓ అధ్యయనంలో పరీక్షించారు. 405 మంది తల్లులూ వాళ్ల చిన్నపిల్లలూ పాల్గొన్న ఆ అధ్యయనం 2009లో వెలువడింది. కొందరు రోజూ రాత్రి ఒకే వరసలో స్నానం, ఒంటికి మర్దనా, తర్వాత ఒళ్లో కూర్చోబెట్టుకోవడమో లాలిపాటో... స్నానమయ్యాక అరగంటలోపు లైటార్పడం. అంతే! ఆ ఇళ్లలో పిల్లలకి త్వరగా నిద్రపట్టింది. రాత్రి మధ్యలో లేవడం తగ్గింది. అంతకన్నా విశేషం... తల్లుల మనసూ తేలికపడింది. పిల్లలు వేళకి పడుకుంటే అమ్మకీ ఓ గంట తనకంటూ మిగులుతుంది మరి!

అయితే పాత పద్ధతుల్లో అన్నీ మంచివి కావు. చెవుల్లో, ముక్కులో నూనె చుక్కలు వేయడం వద్దని పిల్లల డాక్టర్లు గట్టిగా చెబుతారు. గదినిండా సాంబ్రాణి పొగ కూడా చంటిపిల్లల ఊపిరితిత్తులకి మంచిది కాదు. మర్దనా, పాట ఉంచుకుని పొగ మానేస్తే సరి.

కాస్త పెద్దపిల్లలకి అమెరికాలో పిల్లల వైద్యుల సంఘం మూడు మాటల సూత్రం చెబుతుంది. బ్రష్, పుస్తకం, పక్క. ఇదే వరస, రోజూ. రాత్రి పళ్లు తోముకోవడం మన దగ్గర చాలా ఇళ్లలో లేని అలవాటు. పళ్ల సందుల్లో ఉండిపోయిన తీపి రాత్రంతా పంటికి చేటు చేస్తుంది. మూడేళ్లలోపు వాళ్లకి బియ్యపు గింజంత పేస్టు, మూడు నుంచి ఆరేళ్ల వాళ్లకి బఠాణీ గింజంత చాలు. ఏడెనిమిదేళ్లు వచ్చేదాకా పెద్దవాళ్లు పక్కనుండి చూడాలి. ఇక పుస్తకం సంగతి. తెనాలి రామలింగడైనా, పేదరాశి పెద్దమ్మ కథైనా పర్వాలేదు. అదే కథ వరసగా పదిరోజులు అడిగినా విసుక్కోకండి. తర్వాత ఏం జరుగుతుందో ముందే తెలిసి ఉండటమే పిల్లలకి ఆనందం, ధైర్యం కూడా.

కలిసి తింటే...

చందమామని చూపిస్తూ గోరుముద్దలు పెట్టే రోజులు పోయి, ఫోను చూపిస్తూ పెట్టే రోజులొచ్చాయి. బొమ్మ చూస్తూ నోరు తెరిచే పిల్లలకి ఏం తింటున్నారో తెలీదు, కడుపు నిండిందో లేదో తెలీదు. ఆకలి, కడుపు నిండటం... ఈ రెంటినీ గుర్తించడం కూడా నేర్చుకోవాల్సిన విద్యే. రెండేళ్లలోపు పిల్లలకి అసలు తెరే చూపించొద్దని, రెండు నుంచి అయిదేళ్లవాళ్లకి రోజుకి గంట మించొద్దని భారతీయ పిల్లల వైద్యుల సంఘం సలహా.

అమెరికాలో నాలుగేళ్ల వయసున్న 8,550 మంది పిల్లల వివరాలు పరిశీలించి 2010లో ఓ అధ్యయనం ప్రచురించారు. అందులో చూసినవి మూడే మూడు సంగతులు. వారంలో అయిదు రోజులకి మించి రాత్రి భోజనం ఇంట్లోవాళ్లతో కలిసి తింటున్నారా? మామూలు రోజుల్లో రాత్రిళ్లు పదిన్నర గంటలైనా పడుకుంటున్నారా? టీవీ రెండు గంటలకి మించకుండా ఉందా? మూడూ ఉన్న ఇళ్లలో నూటికి 14 మంది పిల్లలు ఊబకాయంతో ఉంటే, ఒక్కటీ లేని ఇళ్లలో నూటికి 24 మందికి పైగా ఉన్నారు. ఈ అలవాట్ల వల్లే బరువు తగ్గిందని దీంతో రుజువైపోలేదు. కానీ ఆదాయం, తల్లి చదువు లాంటి తేడాల్ని లెక్కలోకి తీసుకున్నాక కూడా ఆ సంబంధం కనిపించింది.

మన దగ్గర ఒకపక్క ఊబకాయం, ఇంకోపక్క రక్తహీనత. 2019-21లో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో ఆర్నెల్ల నుంచి అయిదేళ్లలోపు పిల్లల్లో నూటికి 67 మందికి రక్తం తక్కువని తేలింది. దీనికి కారణాలు చాలా ఉన్నాయి. అన్నీ ఇంటి అలవాట్లతో తీరేవి కావు. కానీ కొన్ని మన చేతుల్లోనే ఉన్నాయి. అన్నంతోపాటు టీ తాగించకపోవడం, పప్పులో ఆకుకూర, కాస్త నిమ్మరసం, తినేముందు సబ్బుతో చేతులు కడుక్కోవడం... రోజూ అందరూ ఒకేచోట కూర్చుని తింటే ఇవేవీ ప్రత్యేకంగా గుర్తు పెట్టుకోనక్కర్లేదు.

నాన్న వచ్చేసరికి తొమ్మిదిన్నర!

ఇక్కడే అసలు చిక్కంతా. తొమ్మిదింటికి పడుకోవాలంటారు, కలిసి తినాలంటారు. నాన్న ఆఫీసు నుంచి వచ్చేదే తొమ్మిదిన్నరకి! అమ్మ కూడా ఉద్యోగం చేస్తుంటే ఎనిమిదింటికి వంట మొదలవుతుంది. రాత్రి షిఫ్టులు చేసేవాళ్లు, దుకాణం మూసేసరికి పదయ్యేవాళ్లు, పొద్దున్నే కూలికెళ్లేవాళ్లు... అందరికీ ఒకే టైంటేబుల్ కుదరదు.

అలాంటప్పుడు నిద్రని మాత్రం తాకట్టు పెట్టకూడదు. నాన్నకోసం పదిన్నరదాకా మేలుకోబెట్టడం ప్రేమే కావచ్చు, దాని ఖరీదు మర్నాడు పిల్లలే కడతారు. 'కలిసి తినడం' అంటే ఇంట్లో ఉన్న పెద్దవాళ్లలో ఒకరైనా పిల్లల పక్కన కూర్చుని అదే అన్నం తినడం. అది అమ్మమ్మ కావచ్చు, తాతయ్య కావచ్చు, బాబాయి కావచ్చు. నాన్నకి రాత్రి వీలుకాకపోతే పొద్దుటి టిఫిను ఆయన వంతు. బస్సు దాకా నడిపించడం ఆయన వంతు. 'పొద్దున నాన్న, రాత్రి అమ్మ' అని పిల్లలకి తెలిస్తే చాలు. పనులన్నీ అమ్మ నెత్తిన పెట్టి 'క్రమశిక్షణ లేదు' అనడం మాత్రం న్యాయం కాదు.

కుటుంబ అలవాట్ల మీద యాభయ్యేళ్లపాటు వచ్చిన పరిశోధనల్ని 2002లో సమీక్షించిన మనస్తత్వ శాస్త్రవేత్తలు ఓ తేడా చెప్పారు. అలవాటు వేరు, 'మా ఇంటి పద్ధతి' వేరు. పళ్లు తోముకోవడం అలవాటు. శనివారం రాత్రి అందరూ కలిసి పెసరట్లు వేసుకుని తినడం పద్ధతి. మొదటిది రోజుని నడిపిస్తుంది. రెండోది 'నేను వీళ్లమనిషిని' అనే భావాన్నిస్తుంది. ఇల్లు మారినా, బడి మారినా, అమ్మానాన్నల మధ్య పొరపొచ్చాలొచ్చినా... పిల్లలు పట్టుకుని నిలబడేది ఆ పద్ధతుల్నే.

పెద్దపిల్లలో?

పదమూడు దాటాక గడియారం సహజంగానే కాస్త వెనక్కి జరుగుతుంది. రాత్రి త్వరగా నిద్ర రాదు, పొద్దున లేవలేరు. అది పొగరు కాదు, వయసు. అందుకే హైస్కూళ్లు ఎనిమిదిన్నరకి ముందు మొదలుపెట్టొద్దని అమెరికా పిల్లల వైద్యులు 2014లో సూచించారు. మన దగ్గరేమో పదో తరగతి, ఇంటర్ అనగానే తెల్లవారుజామున స్టడీ అవర్, రాత్రి పదిదాకా మరో స్టడీ అవర్! చదివింది మెదడులో స్థిరపడేది నిద్రలోనే. నిద్ర కోసి చదివించడమంటే ఒక చేత్తో పోసి రెండో చేత్తో ఒలకబోయడమే. కాలేజీని మార్చలేకపోయినా, ఇంటిపట్టున ఉండి చదివే పిల్లల గదిలో ఫోను రాత్రిళ్లు లేకుండా చూడొచ్చు. అమ్మానాన్నల ఫోన్లు కూడా అదే బల్లమీద పెడితే పిల్లలు వాదించలేరు.

ఇలా మొదలుపెట్టండి

* రేపట్నుంచే అన్నీ మార్చేయొద్దు. ముందు పొద్దున లేచే వేళ ఖాయం చేయండి.

* పదిన్నరకి పడుకునే పిల్లల్ని ఒక్కసారి తొమ్మిదికి తేవడం కుదరదు. మూడు నాలుగు రోజులకోసారి పావుగంట ముందుకి జరపండి.

* సాయంత్రం ఓ గంట బయట ఆడనివ్వండి. బాగా ఆడిన పిల్లలకి నిద్ర బతిమాలకుండానే వస్తుంది. ఎండ వెలుతురు కళ్లకీ మంచిదే.

* పడుకునే వేళకి గంట ముందు టీవీ, ఫోను బంద్. ఇది పెద్దవాళ్లకి కూడా!

* చదవడం రాని పిల్లలకి అన్నం, బ్రష్, కథ, పక్క... నాలుగు బొమ్మలు గీసి గోడకి అంటించండి. పదిసార్లు కేకేసే బదులు బొమ్మవైపు వేలు చూపిస్తే చాలు.

* పెళ్లిళ్లు, పండగలు, ప్రయాణాల్లో వేళ తప్పడం మామూలే. మర్నాటి నుంచి మళ్లీ పాత వేళకి వచ్చేయండి. నియమం తప్పిందని తిట్టొద్దు.

* ఇంత చేసినా పొద్దున లేవలేకపోతున్నా, రోజూ గట్టిగా గురకపెడుతున్నా, నోటితో గాలి పీలుస్తున్నా, పగలంతా మగతగా ఉంటున్నా అది అలవాటు సమస్య కాకపోవచ్చు. డాక్టరుకి చూపించండి.

పిల్లలకోసం ఖరీదైన బడి, ఖరీదైన బొమ్మలు, హెల్త్ డ్రింకులు... ఎన్నో కొంటాం. వేళకి అన్నం, వేళకి నిద్ర మాత్రం ఏ కొట్లోనూ దొరకవు. అవి ఇవ్వాలంటే పెద్దవాళ్లు తమ సాయంత్రాన్ని కాస్త సర్దుకోవాలి. ఈ రాత్రికి సీరియల్ ఒక్కటి వదులుకుని చూడండి!